ముప్పై దాటాక గిటార్: మొదటి తీగ నుంచి మొదటి పాట దాకా

ఉద్యోగం కుదుటపడి, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక, ఎప్పుడో ఇంటర్‌లో వదిలేసిన గిటార్ కోరిక మళ్లీ తలెత్తుతుంది. హన్మకొండలో, కాజీపేటలో, గోదావరిఖనిలో అలాంటివాళ్లు నాకు చాలామంది తెలుసు. కొందరు మొదలుపెట్టి నాలుగు నెలల్లో మానేశారు. ఎందుకు మానేశారంటే అందరిదీ ఒకటే మాట: "వేళ్లు తిరగలేదు." నేనా మాట నమ్మను. వాళ్లలో ఎక్కువమందిని ఆపినవి రెండు. ఒకటి, తీగలు మరీ ఎత్తున ఉన్న గిటార్. రెండోది, ధ్యాసంతా ఎడమ చేతి మీద పెట్టి కుడి చేతిని గాలికి వదిలేయడం. మొదటిదాన్ని కొన్న రోజే సరిచేయించుకోవచ్చు. రెండోదానికి కాస్త ఓపిక కావాలి.

పెద్దవాళ్లకు చేతిలో ఉన్న బలం ఏమిటంటే, పాటలు ముందే తెలుసు. వందల పాటలు నోటికొచ్చు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టినవాళ్లకు, బరాత్‌లో డప్పుకు అడుగేసినవాళ్లకు తాళం ఎక్కడ పడుతుందో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తాళాన్ని కుడి చేతిలోకి దించుకోవడమే మొదటి మూడు నెలల పని.

కొనేటప్పుడు

ఎంత పెట్టాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వేలు. రేట్లు మారుతుంటాయి కానీ యమహా ఎఫ్280, ఎఫ్310, కోర్ట్ ఏడీ810 లాంటివి దాదాపు ఆ పరిధిలో దొరుకుతాయి. మూడు వేలకు దొరికే చిన్న సైజు గిటార్లలో చాలావాటికి శ్రుతి నిలవదు. అది తెలియక కొత్తవాళ్లు తప్పంతా తమదే అనుకుంటారు. అలాగని మొదటిదానికే ముప్పై వేలు పోయాల్సిన పని కూడా లేదు.

స్టీల్ తీగలా, నైలాన్ తీగలా అన్నది ఇంకో ప్రశ్న. సినిమా పాటలు, జానపదాలు పాడుకుంటూ వాయించడానికి స్టీల్ బాగుంటుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్లకు మెత్తన, కానీ దాని నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ) వెడల్పు, దాదాపు 52 మిల్లీమీటర్లు. స్టీల్ గిటార్‌కు 43 దగ్గర ఉంటుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లు, షుగర్ వల్ల వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గినవాళ్లు నైలాన్ వైపు వెళ్లడమే మంచిది. ఒకదాని తీగలు ఇంకోదానికి మాత్రం వేయకండి. స్టీల్ తీగలు ఆరూ కలిపి లాగే బరువు సుమారు 70 కిలోలు. ఆ లాగుడుకు క్లాసికల్ గిటార్ బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చెక్కముక్క) ఊడి చేతికొస్తుంది.

పాతది కొనాలనుకుంటే వరంగల్‌లో ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, కాకతీయ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో కనిపెట్టుకుని ఉండండి. ఆఖరి సంవత్సరం పిల్లలు హాస్టల్ ఖాళీ చేస్తూ అమ్మకానికి పెడుతుంటారు. నాలుగైదు మోడళ్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలంటే హైదరాబాద్ పోవచ్చు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడంలో తప్పు లేదు, కాకపోతే డబ్బా విప్పాక సెట్టింగ్ చేయించుకునే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఏటీఎం కార్డుల పరీక్ష

నెక్ మీద అడ్డంగా లోహపు పట్టీలు ఉంటాయి, ఒక్కో పట్టీని, దాని వెనక వేలు పెట్టే చోటును ఫ్రెట్ అంటారు. తీగకు, ఫ్రెట్‌కు మధ్య ఉన్న ఎత్తును యాక్షన్ అంటారు. కొత్తవాళ్ల నొప్పిలో సగం దీనివల్లే. దీన్ని కొలవడానికి పర్సులో ఉన్న కార్డులు చాలు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంకెలు ఉబ్బి ఉండని కార్డులు మూడు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టండి. గిటార్ నెక్ మీద రెండు చుక్కల గుర్తు ఉండేది పన్నెండో ఫ్రెట్. అక్కడి లోహపు పట్టీకి, అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగకు మధ్య ఆ కార్డుల కట్టను దూర్చండి. మూడు కార్డులు కొద్దిగా ఒరుసుకుంటూ దూరితే యాక్షన్ బాగున్నట్టే. నాలుగు దూరితే సర్దుకోవచ్చు. అయిదు కార్డులు హాయిగా దూరిపోతే తీగ దాదాపు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నట్టు. ఆ గిటార్ మీద సాధన చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఎత్తుగా ఉందని గిటార్ తిరిగి ఇచ్చేయక్కర్లేదు. బ్రిడ్జి మీద తెల్లగా కనిపించే సన్నటి పట్టీ పేరు శాడిల్. దాన్ని బయటికి తీసి అడుగు నుంచి గరుకు కాగితం మీద అరగదీస్తారు. శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అర మిల్లీమీటరు దిగుతుంది. నెక్ వంగి ఉంటే దాని లోపలి లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పాలి. దాన్ని తెలిసినవాళ్ల చేత, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున తిప్పించండి. సొంతంగా స్పానర్ పట్టుకోకండి. అమ్మేటప్పుడే ఈ పని చేసివ్వమని షాపులో అడగండి, చాలామంది చేసిస్తారు.

ఇంకో రెండు చిన్న పరీక్షలున్నాయి. పన్నెండో ఫ్రెట్ పట్టీకి సరిగ్గా పైన తీగను నొక్కకుండా తాకి మీటితే గంట కొట్టినట్టు సన్నటి నాదం వస్తుంది. అదే చోట నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరం దానితో కలవాలి. కలవకపోతే పై ఫ్రెట్లలో అపస్వరాలు పలుకుతాయి. తర్వాత ప్రతి తీగను ప్రతి ఫ్రెట్‌లో నొక్కి చూడండి. ఎక్కడైనా గరగర వినిపిస్తే అడిగి తెలుసుకోండి. దీనికి పది నిమిషాలు పడుతుంది. షాపతను విసుక్కున్నా సరే, అన్నీ చూసుకున్నాకే డబ్బులివ్వండి.

గిటార్‌తో పాటు శ్రుతి చూపే క్లిప్ ట్యూనర్, కేపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కి ఉంచే బిగింపు), 0.6 మిల్లీమీటర్ల దగ్గర మందం ఉన్న పిక్కులు (తీగలు మీటే చిన్న బిళ్లలు) నాలుగు కొనండి. తీగలు 0.011 సెట్టు (ఒకటో తీగ మందం, అంగుళాల్లో) అడగండి. మామూలుగా వేసే 0.012 కన్నా అవి వేళ్లకు తేలిక. స్టాండు కూడా కొంటే మంచిది. కవర్లో పెట్టి బీరువా మీదికెక్కించిన గిటార్ మళ్లీ పండక్కి ఇల్లు దులిపేటప్పుడే దిగుతుంది.

శ్రుతి చేయడం

మీరు కూర్చున్నప్పుడు నేల వైపు ఉండే సన్న తీగ ఒకటోది, మీ గడ్డం వైపు ఉండే లావు తీగ ఆరోది. ఆరు నుంచి ఒకటి దాకా వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ట్యూనర్‌ను గిటార్ తలకు తగిలించి, తీగ మీటి, ముల్లు మధ్యకు వచ్చేదాకా తిప్పండి. స్వరం ఎక్కువైతే బాగా కిందికి దించి మళ్లీ పైకి తెచ్చి ఆపాలి. పైనుంచి దించి ఆపేస్తే కాసేపటికే తీగ జారుతుంది. ప్రతిసారీ వాయించే ముందు ఈ పని తప్పదు, రెండు నిమిషాలే.

కొన్ని రోజులయ్యాక ట్యూనర్ పక్కన పెట్టి చెవితో కూడా చేసి చూడండి. ఆరో తీగ అయిదో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చేది అయిదో తీగ స్వరం. అయిదో తీగ అయిదో ఫ్రెట్ నాలుగో తీగకు, నాలుగోది మూడో తీగకు అలాగే సరిపోతాయి. మూడో తీగ మాత్రం నాలుగో ఫ్రెట్‌లో నొక్కితే రెండో తీగ స్వరం వస్తుంది. రెండోది మళ్లీ అయిదో ఫ్రెట్‌లో ఒకటో తీగతో కలుస్తుంది.

కూర్చోవడం, పట్టుకోవడం

చేతుల్లేని కుర్చీ గానీ, స్టూల్ గానీ చాలు. గిటార్ నడుము కుడి తొడ మీద, వీపు మీ కడుపుకు ఆని ఉండాలి. వేళ్లు ఎక్కడున్నాయో కనిపించాలని గిటార్‌ను పైకి వెల్లకిలా తిప్పేస్తారు కొత్తవాళ్లు. అలా చేస్తే ఎడమ మణికట్టు మెలిపడి నొప్పి మొదలవుతుంది. గిటార్ నిటారుగానే ఉంచి మీరే కాస్త తల వంచి చూడండి. సోఫాలో మాత్రం వద్దు.

ఎడమ చేతి గోళ్లు మాంసం దాకా కత్తిరించుకోండి. తీగను ఫ్రెట్ పట్టీకి దగ్గరగా, దాని వెనకే నొక్కాలి. రెండు పట్టీల నడుమ నొక్కితే రెట్టింపు బలం పడుతుంది, శబ్దమూ గరగరమంటుంది. ఎంత బలం అవసరమో ఇలా కనుక్కోండి: తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ మెల్లగా బలం పెంచండి. టకటకమనే మొద్దు శబ్దం ఒకచోట తేట స్వరంగా మారుతుంది. అంతకు మించి నొక్కిందంతా దండగే.

ముందు కుడి చేయి

మొదటి వారం కార్డుల (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా వేళ్లు పట్టే పట్టు, ఇంగ్లిషులో chord) జోలికి పోకండి. ఎడమ అరచేతిని తీగల మీద ఊరికే పరిచి మోత ఆపేయండి. ఇప్పుడు కుడి చేత్తో తీగలను రాస్తే చక్ చక్ అనే శబ్దం మాత్రమే వస్తుంది. స్వరం గురించి బెంగ లేదు, లయ ఒక్కటే మిగిలింది.

నోటితో తకధిమి అనండి. త దగ్గర చేయి కిందికి, క దగ్గర పైకి, ధి కిందికి, మి పైకి. మోచేయి గిటార్ మీద ఆని ఉండి, ముంజేయి, మణికట్టు గడియారం లోలకంలా ఊగుతూ ఉండాలి. పిక్కును గట్టిగా పట్టుకోవద్దు, జారిపోదన్నంత పట్టు చాలు. ఫోన్లో మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ కొట్టే యాప్) పెట్టుకుని నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో దెబ్బకు రెండు అక్షరాలు.

ఇది కుదిరాక అసలు కిటుకు. చేయి ఊగడం ఆపకుండా కొన్ని చోట్ల మాత్రం తీగలకు తగలకుండా పోనివ్వాలి. తకధిమి రెండుసార్లు అనుకోండి. మొదటిసారి త కిందికి తగలాలి, క గాలిలో పోవాలి, ధి కిందికి, మి పైకి తగలాలి. రెండోసారి త గాలిలో, క పైకి, ధి కిందికి, మి పైకి. మొత్తం ఎనిమిదిలో ఆరు తగులుతాయి, రెండు తగలవు. ఈ ఒక్క వరస వస్తే నాలుగు అక్షరాల నడకలో ఉన్న సినిమా పాటల్లో బోలెడన్నిటికి సరిపోతుంది. మధ్యలో చేయి ఆగిందంటే వరస తప్పినట్టే. తీగలు తగిలాయా లేదా అన్నది తర్వాత, ముందు చేయి ఊగాలి.

మన జానపదాల్లో చాలావాటిది మూడు అక్షరాల నడక: తకిట తకిట. దీనికి త కిందికి, కి పైకి, ట కిందికి. మళ్లీ వచ్చే త కూడా కిందికే కాబట్టి ట తర్వాత చేయిని తగలకుండా చప్పున పైకి లేపుకోవాలి. త మీద బరువు వేసి, మిగతా రెండూ తేలికగా తాకించండి. మొదట్లో చేయి తడబడుతుంది, అందుకే ఇది రెండో వారానికి ఉంచుకోండి. పక్కన ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడితే మెట్రోనోమ్ కన్నా బాగా కుదురుతుంది.

కార్డు రాకముందే పాట

మూడో వారంలో ఎడమ చేయిని రంగంలోకి దించుదాం, అదీ రెండు వేళ్లతో. మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరం వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో పెట్టండి. అయిదో తీగ ఖాళీగా వదిలేయండి. అయిదు, నాలుగు, మూడు, ఈ మూడు తీగలే మీటండి. మోగేది షడ్జం (స), పంచమం (ప), పై షడ్జం. తంబూరా కూడా మామూలుగా చేసేది అదే కదా. ఉయ్యాలో అంటూ సాగే బతుకమ్మ పాట ఏదైనా ఎత్తుకుని, కింద ఈ మూడు తీగలను తకిట నడకలో మోగిస్తూ పొండి. మొదటి చరణం నుంచి చివరిదాకా ఎడమ చేయి కదపక్కర్లేదు.

ఇందులో గాంధారం (గ) లేదు. కార్డును మేజర్ చేసేది అంతర గాంధారం, మైనర్ చేసేది సాధారణ గాంధారం. రెండూ లేవు కాబట్టి దాదాపు ఏ రాగపు ఛాయ ఉన్న పాటకైనా ఇది అడ్డు తగలదు. కార్డులు తెలియని పాటకు తప్పుడు కార్డు వేయడం కన్నా షడ్జ పంచమాలతో సరిపెట్టుకోవడం ఎప్పుడూ మేలు. బాగా వాయించేవాళ్లు కూడా జానపదాలకు చాలాసార్లు ఇలాగే చేస్తారు.

ఇక ఆ రెండు వేళ్లూ అక్కడే ఉంచి చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో పెట్టండి. అయిదో తీగ నుంచి కిందికి అన్నీ మీటండి. ఎ మైనర్ పలికింది. చూపుడువేలు తీసేసి చిటికెన వేలు అదే తీగ రెండో ఫ్రెట్‌లో పెడితే ఎ మేజర్. ఒక్క ఫ్రెట్ తేడాతో విషాదం పోయి వెలుతురు వస్తుంది. అటూ ఇటూ మార్చి మార్చి వినండి. మీకు తెలిసిన పాటల్లో ఏది ఎటువైపుదో చెవికి దానంతటదే తెలియడం మొదలవుతుంది. ఎ మైనర్ ఆకారాన్ని ఉన్నదున్నట్టు ఒక తీగ పైకి, లావు తీగల వైపు, జరిపితే ఇ మేజర్. అందులోంచి చూపుడువేలు తీసేస్తే ఇ మైనర్, దానికి ఆరు తీగలూ మీటవచ్చు.

మీ గొంతుకు గిటార్, గిటార్‌కు మీ గొంతు కాదు

ఇంటర్నెట్‌లో దొరికిన కార్డులు చూసి వాయిస్తూ, గొంతు అందక పాట మానేసేవాళ్లను చాలామందిని చూశాను. పాడినవాళ్ల శ్రుతి వేరు, మీది వేరు. ముందు మీ శ్రుతి కనుక్కోవాలి. ఇష్టమైన పాట ఒకటి హాయిగా పాడండి. పల్లవి చివర గొంతు వచ్చి ఆగే స్వరం ఉంటుంది కదా, దాన్ని అలాగే పట్టి ఉంచి, అయిదో తీగ మీద ఒక్కో ఫ్రెట్ పైకి పోతూ ఎక్కడ కలుస్తుందో వెతకండి. మూడో ఫ్రెట్‌లో కలిస్తే మీది ఒకటి శ్రుతి, నాలుగులో ఒకటిన్నర, అయిదులో రెండు. హార్మోనియం పట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ లెక్క ముందే తెలిసి ఉంటుంది.

ఏ ఫ్రెట్‌లో దొరికిందో అక్కడ కేపో బిగించి ఎ ఆకారాలు వాయిస్తే సరి, గిటార్ మీ శ్రుతిలోకి వచ్చేసింది. ఏడో ఫ్రెట్ దాటి పోవాల్సి వస్తే అయిదో తీగ వదిలేసి ఆరో తీగ మీద వెతికి, అక్కడ కేపో పెట్టి ఇ ఆకారాలు పట్టండి. చాలామంది ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది. అంటే ఆరో తీగ మూడు, నాలుగు ఫ్రెట్ల దగ్గర కేపో. కేపో పెట్టి వాయించడం చేతకానితనం అనే పెద్దమనుషులు తగులుతారు. వాళ్లను పట్టించుకోకండి.

నాలుగు కార్డులు, కదలని రెండు వేళ్లు

జి, ఇ మైనర్, సి, డి, ఈ నాలుగూ వస్తే సినిమా పాటల్లో పెద్ద భాగం చేతికి వస్తుంది. వీటిని మామూలు రూపంలో నేర్పితే ఒక్కో మార్పుకు వేళ్లన్నీ ఎత్తి మళ్లీ పెట్టాలి. పెద్దవాళ్లు విసిగిపోయేది ఇక్కడే. కాబట్టి ఇలా చేయండి.

ఉంగరం వేలు రెండో తీగ మూడో ఫ్రెట్‌లో, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో పెట్టండి. నాలుగు కార్డులకూ ఈ రెండూ ఎత్తకూడదు. కదిలేవి చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే. మధ్యవేలు ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో, చూపుడువేలు అయిదో తీగ రెండో ఫ్రెట్‌లో ఉంటే జి. ఆ రెండు వేళ్లనూ ఒక్కో తీగ కిందికి దించండి, అంటే మధ్యవేలు అయిదో తీగకు, చూపుడువేలు నాలుగో తీగకు, ఫ్రెట్లు అవే. ఇది సి, అయిదో తీగ నుంచి మీటాలి. ఇక మధ్యవేలు ఎత్తేసి చూపుడువేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌కు తెస్తే డి, నాలుగో తీగ నుంచి మీటండి. ఇ మైనర్‌కు చూపుడువేలు అయిదో తీగ రెండో ఫ్రెట్‌లో, మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో.

ఇవి అచ్చమైన సి, డి, ఇ మైనర్ కావు. సంగీతం లెక్కలో వీటికి సి యాడ్ నైన్, డి సస్ ఫోర్ లాంటి పేర్లున్నాయి. వినడానికి నిండుగానే ఉంటాయి, పాటకు ఇబ్బంది లేదు. చేయి అలవాటు పడ్డాక చిటికెన వేలు ఎత్తేసి, డి దగ్గర మధ్యవేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్‌లో పెడితే అసలు డి వస్తుంది. ఈ నాలుగింటికి మూల స్వరం జి. మీ శ్రుతికి తెచ్చుకోవాలంటే ఆరో తీగ మీద మీ స్వరం దొరికిన ఫ్రెట్ సంఖ్యలోంచి మూడు తీసేసి అక్కడ కేపో పెట్టండి. అయిదో ఫ్రెట్‌లో దొరికితే కేపో రెండులో.

మార్పుల సాధనకు ఒక నిమిషం టైమర్ పెట్టుకోండి. జి నుంచి సి, సి నుంచి జి, ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. ముప్పైకి చేరితే నెమ్మది పాట వాయించవచ్చు. అరవై అయితే ఏ పాటకైనా సరిపోతుంది. రోజుకు ఒక జత చాలు.

పాటలో పెట్టినప్పుడు మాత్రం నియమం వేరు. ఎడమ చేయి ఆలస్యమైనా కుడి చేయి ఆగకూడదు. కార్డు సగమే పడితే సగంతోనే ముందుకు పొండి. మారే ముందు చివరి మి దగ్గర వేళ్లు ఎత్తేసి ఖాళీ తీగలను మోగనిచ్చినా వినేవాళ్లకు తెలియదు. తాళం తప్పితే మాత్రం చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ఆగి, కార్డు సరిచేసుకుని, మళ్లీ మొదలుపెట్టడం ఒకసారి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం.

రోజుకు ఎంత

ఇరవై నిమిషాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. శ్రుతి చేసుకోవడం, మోత ఆపి లయ కొట్టడం అయిదారు నిమిషాలు, కార్డు మార్పులు ఏడెనిమిది, మిగిలిందంతా పాట. సింగరేణిలో షిఫ్టులు మారుతుండేవాళ్లు గడియారం చూసి టైము పెట్టుకుంటే నిలవదు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక అనో, భోజనానికి ముందు అనో ఒక పనికి ముడిపెట్టుకోండి. రాత్రి పూట అపార్ట్‌మెంట్‌లో టెన్షన్ లేకుండా వాయించాలంటే బ్రిడ్జి పక్కన తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చండి, మోత సగం తగ్గిపోతుంది.

జూన్‌లో బడులు తెరిచే వేళకు మొదలుపెట్టి రోజూ వాయించినవాళ్లు బతుకమ్మ నాటికి రెండు మూడు పాటలు ఆగకుండా పాడుతూ వాయించగలుగుతారు. పాడుతూ అని ఎందుకంటున్నానంటే, ముందు వాయించడం వచ్చాక పాడదాం అనుకుంటే రెండూ ఎప్పటికీ కలవవు. మొదటి రోజు నుంచే కనీసం కూనిరాగమైనా తీయండి. "గీ వయసుల గిటారేంది?" అనేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. వాళ్లకిష్టమైన పాట ముందు నేర్చుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

నొప్పి

వేళ్ల కొసలు మొదటి రెండు మూడు వారాలు మండుతాయి. తర్వాత తోలు గట్టిపడుతుంది. పొలం పనో, వెల్డింగ్ పనో చేసేవాళ్లకు ఈ బాధ చాలా తక్కువ. గిన్నెలు కడిగిన వెంటనే, స్నానం చేసిన వెంటనే వాయించకండి, నానిన తోలు తెగుతుంది. పొక్కు వస్తే చిదమకుండా ఒకరోజు ఆగండి. మణికట్టులో నొప్పి, అరచేతిలో తిమ్మిరి మాత్రం వేరే సంగతి. అవి వస్తే ఆ రోజుకు ఆపేయాలి. తగ్గకుండా వారం ఉంటే డాక్టరుకు చూపించండి.

గురువు కావాలా

మొదటి రెండు నెలలైనా ఉంటే మంచిది. మీ మణికట్టు ఎలా వంగుతోందో వీడియో చూసి చెప్పలేదు, ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పగలడు. ఫాతిమానగర్, కాజీపేట వైపు చర్చి క్వాయర్లలో వాయించేవాళ్లను అడిగి చూడండి. పాటకు తోడుగా వాయించడంలో వాళ్లకు మంచి అలవాటు ఉంటుంది, పెద్దవాళ్లకు కావాల్సింది కూడా అదే. మొదటి రోజు నుంచే స్వరలిపి పుస్తకం తెరిచే గురువు మీకు సరిపోకపోవచ్చు. మొహమాటపడకుండా ఏ పాటలు వాయించాలనుకుంటున్నారో చెప్పండి.

ఎండ, కూలర్, ముసురు

ఓరుగల్లు ఎండాకాలం మే నెలలో 42 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జి పైకి లేస్తుంది. స్లాబు కింద ఉడికే పై అంతస్తు గది కూడా మంచిది కాదు. ఇంకా ఎక్కువమంది గమనించనిది కూలర్. నీళ్ల కూలర్ గాలి సూటిగా తగిలే చోట గిటార్ పెడితే పగలంతా ఎండిన చెక్క రాత్రికి తేమ పీల్చి ఉబ్బుతుంది. రోజూ ఇదే జరిగితే పై పలక పొంగి తీగలు మళ్లీ ఎత్తుకు పోతాయి. గిటార్ చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ నప్పుతుంది. కూలర్ వేసే నెలల్లో దాన్ని వేరే గదిలో గానీ, కవర్లో గానీ ఉంచడమే మార్గం. ఏటీఎం కార్డుల పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర, వానాకాలం చివర మళ్లీ చేయండి.

ముసురు పట్టినప్పుడు తీగలకు తుప్పు. వాయించాక పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగను పైనా కిందా తుడవండి. రోజూ వాయించేవాళ్లు మూడు నాలుగు నెలలకోసారి సెట్టు మార్చుకోవాలి. ఆరూ ఒకేసారి పీకేయకుండా ఒకటి తీసి ఒకటి వేయండి. బ్రిడ్జి మీది పిన్ను లాగి, తీగ చివరి గుండును రంధ్రంలో పెట్టి, పిన్నుతో బిగించి, పైన రెండు మూడు చుట్లు వచ్చేలా వదులు ఉంచి తిప్పాలి. కొత్త తీగలు రెండు రోజులు సాగుతూనే ఉంటాయి, మాటిమాటికీ శ్రుతి చేసుకోవాల్సి వస్తుంది. గిటార్ పాడైందని కంగారు పడకండి.

ఎఫ్ కార్డు

చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి నొక్కే బారే కార్డు దగ్గర చాలామంది ఆగిపోతారు. దాన్ని ఆరో నెలకు వాయిదా వేయండి. అప్పటిదాకా ఎఫ్ బదులు నాలుగు తీగల రూపం చాలు: ఉంగరం వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్, మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్, చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీ. బి మైనర్ అడిగితే అయిదు, మూడు, ఒకటో తీగలను రెండో ఫ్రెట్‌లో నొక్కి, నాలుగు, రెండో తీగలు ఖాళీగా వదిలి, ఆరో తీగ మీటకుండా వాయించండి. ఆర్నెల్లయ్యాక బారే మొదలుపెట్టినప్పుడు మొదటి ఫ్రెట్‌లో కాకుండా అయిదో ఫ్రెట్‌లో పట్టి చూడండి. నట్‌కు, అంటే గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీకి, దూరంగా తీగలు సులభంగా దిగుతాయి. చూపుడువేలును కొద్దిగా బొటనవేలి వైపు ఒరిగించి, పక్క ఎముకతో నొక్కండి. అక్కడ తేటగా పలికాక వారానికొక ఫ్రెట్ చొప్పున కిందికి దిగుతూ రండి.